గోడకెక్కిన అక్క

ప్రొద్దుటూరు,
6-1-1958.

అక్క వెంకటసుబ్బమ్మకు చెల్లెలు రామేశ్వరమ్మ నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, నీ కూతురు చౌడీ బాగున్నాం. నీకు ఎనిమిదో నెల వచ్చింది. కాళ్ళకు నీరు దిగిందని పోయిన జాబులో రాయించావు. తగ్గిందో లేదో ముందు ఆ సంగతి రాయించు, మిగతావి తర్వాత.

ఇప్పుడు అసలు విషయం. మా టీచరు ట్రైనింగు స్కూలును ఆనుకుని ఉన్న మోడల్ స్కూల్లోనే గదా చౌడి నాలుగో తరగతి చదువుతున్నది. ఆ పిల్లలను ఈ నెలలో మద్రాసు మ్యూజియానికి తీసుకుపోతున్నారు. మ్యూజియమంటే పాతకాలపు శిల్పాలు, విగ్రహాలు, పేరుపొందిన చిత్రపటాలు ఒకచోట చేర్చి జనానికి చూపించే పెద్ద భవనం. ఎర్రగుంట్లలో రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు. అక్కడి బొమ్మలను పిల్లలకు పరిచయం చేసే పని ట్రైనింగు విద్యార్థినుల్లో నాకు అప్పగించారు. అప్పటినుంచి లైబ్రరీలోనే కూర్చుంటున్నాను. ‘లాస్యం’ అనే మాట నిన్న కొత్తగా నేర్చుకున్నాను. అన్నం తింటున్నా అదే మాట నోట్లో తిరిగింది. నేనుండే ఇంటి యజమానురాలు దిల్షాద్‌బీ "ఏందమ్మా, అన్నంలో రాయొచ్చిందా?" అని అడిగింది.

చౌడిని తీసుకుపోవడానికి మీ అనుమతి కావాలి. "ఒక్క ఏడు సూస్తా. సరిగా లేకుంటే మంద కాడికి రావల్సిందే" అని బావ అన్న మాట నేను మరచిపోలేదు. ఈ ప్రయాణంలో ఏ చిన్న పొరపాటు జరిగినా దాని చదువు అంతటితో సరి. అందుకే రాయడానికి నాలుగు రోజులు వెనకాడాను. చౌడి మాత్రం "మా నాయన వద్దంటే నీ ట్రంకుపెట్టెలో పండుకోనైనా వస్తా చిన్నమ్మా" అంటోంది.

పోస్టుమాన్ సైకిలు గంట ఎప్పుడు మోగుతుందా అని చూస్తుండే,
నీ చెల్లెలు రామేశ్వరి.


లింగాల, పులివెందుల తాలూకా,
13-1-1958.

చెల్లెలు రామేశ్వరికి అక్క వెంకటసుబ్బమ్మ ఆశీర్వదించి రాయించేది.

(రాస్తున్నది నేను, పక్కింటి జైబున్నీసాను. అక్క చెప్పే మాటలను పుస్తకాల మాటగా మార్చి రాస్తాను. కోపంలో అన్నవి మాత్రం మార్చొద్దని అక్కే చెప్పింది.)

కాళ్ళ నీరు పొద్దున ఉండదు, సాయంత్రానికి వస్తుంది. కడుపులో బిడ్డ బాగా తిరుగుతోంది. ముందు ఇద్దరు బిడ్డలూ ఎనిమిదో నెలలోనే పోయారు గనుక మా అత్త నన్ను నీళ్ళబిందె కూడా ఎత్తనివ్వడం లేదు. పనిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది. కూర్చుంటేనే భయం.

మీ బావ ఇంట్లో లేడు. వరికోతలు అయ్యాయి గదా, మైదుకూరు కాలువ కింది మళ్ళలో ఎరువు కోసం మందను నిలపడానికి గొర్రెలను తోలుకుపోయాడు. శివరాత్రి దాకా రాడు. అడిగే దారి లేదు గనుక నేనే సరే అంటున్నాను. వచ్చినాక నేనే చెప్పుకుంటాను, నువ్వు తొందరపడొద్దు.

చౌడి చెయ్యి వదలొద్దు. కొత్త మనుషులు పెట్టింది తిననివ్వొద్దు. రైల్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టొద్దు. "మే, అది కిటికీ కాడ కూసోకుండా ఊరుకుంటాదా? నీ మాట ఇనదు. నడుముకు చీర కొంగు కట్టుకో." (ఇది కోపం కాదు, కానీ మార్చబుద్ధి కాలేదు.)

జాగ్రత్త చెప్పి చెప్పి నోరు ఎండిన,
నీ అక్క.

(ఆ బొమ్మలు ఎట్లుంటాయో వివరంగా రాయి రామేశ్వరీ. నేను ఈ ఊరు దాటింది పెళ్ళిలోనే. చదివేది నేనే గనుక ముందు చూసేదీ నేనే.)


ప్రొద్దుటూరు,
30-1-1958.

అక్కకు, జైబున్నీసాకు కూడా,

క్షేమంగా వెళ్ళి క్షేమంగా వచ్చాం. చౌడి చెయ్యి వదల్లేదు. కిటికీ సంగతి మాత్రం అడగొద్దు.

లోపలికి పోగానే జరిగింది చెబితే నవ్వుతారు. నిలువెత్తు పటం ముందు పిల్లలంతా బిలబిలమంటూ నేలమీద కూర్చుండిపోయారు. "ఏమయ్యా, లేవండి" అంటే, "ఇంగా ఆట మొదలు కాలేదు గదా మేడం" అన్నారు. తోలుబొమ్మలాట చూసిన పిల్లలు మరి, బొమ్మ ముందు కూర్చుంటే అది కదిలి మాట్లాడాలి. అప్పుడు వాళ్ళకు ఒక సంగతి చెప్పాను. "ఇవి కదలవు, మీ కళ్ళే కదలాలి. ముందు మాట్లాడకుండా చూడండి. తర్వాత ఏం కనబడిందో చెప్పండి" అన్నాను.

నాట్యమాడే శివుడి కంచు విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడ్డాం. ఒక కాలు పైకెత్తి, చుట్టూ మంటల చక్రం. "సామికి కాలు నొయ్యదా?" అని ఒకడు, "నొస్తే దించుకుంటాడులే, నీకేంది" అని ఇంకొకడు. అమరావతి రాళ్ళలో ఒక గుండ్రటి శిల్పం ఉంది. వీధిలో మదించిన ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తుంది. పక్కనే మోకరించిన ఏనుగు, దాని ముందు బుద్ధుడు. రెండు ఏనుగులని అందరూ అన్నారు. చౌడి ఒక్కటే "కాదు, ఒగటే ఏనుగ. ఆడ కోపంలో ఉండాది, ఈడ కోపం పోయింది" అన్నది. నేను చెప్పకముందే అన్నది! మా ట్రైనింగు మేడం దాని తల నిమిరింది. బావ అక్కడ ఉండి ఆ మాట విని ఉంటే ఎంత బాగుండేదో.

తర్వాత పటాల గది. రాజులు, దొరలు, దొరసానులు, అన్నీ పెద్ద పెద్ద చట్రాల్లో. చౌడి నా చెయ్యి లాగి "చిన్నమ్మా, ఈళ్ళంతా సచ్చిపోయినోళ్ళేనా?" అని అడిగింది. "అవునమ్మా, ఎప్పుడో పోయారు" అన్నాను.

ఇక ఈ మాట నీకోసం మూడుసార్లు దిద్ది రాస్తున్నాను. అక్కా, ఆ గదిలో నిన్ను చూశాను. గోడమీద, బంగారు చట్రంలో, నువ్వే! నడుముకు కొంగు దోపుకుని, కాళ్ళ దగ్గర రెండు గొర్రెపిల్లలతో, ఎటో దూరంగా చూస్తున్నావు. చీకూచింతా లేని నిశ్చలమైన ముఖం. ఇంత శాంతి నీ ముఖంలో ఇంతవరకూ చూడలేదనిపించింది, కళ్ళు చెమ్మగిల్లాయి. చౌడిని పిలిచి "చూడు, మీ అమ్మ" అని చూపించాను.

చౌడి వచ్చినప్పటినుంచి కాస్త మందకొడిగా ఉంది. అన్నం సగమే తింటోంది. ప్రయాణం బడలిక అయి ఉంటుంది.

ఇంకా ఎన్నో రాయాలని ఉన్నా, కాగితం చాలని,
రామేశ్వరి.


లింగాల,
8-2-1958.

రామేశ్వరికి,

(జైబున్నీసాను. ఈ జాబులో ఎక్కువ భాగం మార్చకుండా రాస్తున్నాను. ఎందుకో నీకే అర్థమవుతుంది.)

"మే, బతికుండేదాన్ని గోడకెక్కిస్తివి గదే! నీకు చదువు పెరిగేకొద్దీ మతి పోతాండాదా? మన ఇండ్లల్లో పటం ఎవురికి కడ్తారు? మన నాయన బతికినన్నాళ్ళు ఒక్క పటం ఉన్నిందా? పాణం పొయినంక కుర్చీలో కూసోబెట్టి పోటో తీపిచ్చి, చట్రం కట్టిచ్చి గోడకు తగిలిస్తిమి. మర్చిపోతివా? నిండు నెలల మనిషిని, ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నెదాన్ని, నన్ను సచ్చిపోయినోళ్ళ మధ్యన చూసినానని రాస్తివే! ముఖంలో శాంతి ఉందంట, శాంతి! మన నాయన ముఖంలో గూడా ఆపొద్దు శాంతే ఉన్నింది."

ఆ జాబు చదివేటప్పుడు మా అత్త పక్కనే ఉంది. జైబున్నీసా ఆ మాట దగ్గరికి రాగానే ఆగింది. ఆగినందువల్లనే అత్తకు అనుమానం వచ్చి, మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. వెంటనే ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఎల్లమ్మకు ముడుపు కట్టింది. ఆ పొద్దంతా కడుపులో బిడ్డ కదల్లేదు. సాయంత్రం ఒక్కసారి కాలు ఆడించింది. అప్పుడు ఏడ్చాను.

నువ్వు కావాలని రాయలేదని నాకు తెలుసు. తెలిసినా భయం పోవడం లేదు. మైదుకూరు పోతున్నవాళ్ళ చేత మీ బావకు అత్త కబురు పంపింది. ఏమని చెప్పి పంపిందో నాకు చెప్పలేదు.

అక్క.

(నేను చదవకుండా దాటేసి ఉండాల్సింది రామేశ్వరీ. ఉన్నది ఉన్నట్టు చదువుతానని మాట ఇచ్చాను గదా.)


ప్రొద్దుటూరు,
15-2-1958.

అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. మన నాయన పటం నాకు గుర్తు రాలేదు. ఎట్లా రాలేదో తెలియదు. బొమ్మ బాగుంటే అందులో మనవాళ్ళను చూసుకోవచ్చని పుస్తకంలో చదివి, ఆ మాటే పట్టుకుని పోయాను. ఆ పటంలోని ఆమెకూ నీకూ నిజానికి పోలిక లేదు. గొర్రెపిల్లలను చూసి నువ్వు గుర్తొచ్చావు. నిన్ను చూడక ఏడాది కావస్తోంది. అంతే.

నీ జాబు చదివాకే చౌడి సంగతి నాకు తెలిసింది. అది బడలిక కాదు. పటాల్లో ఉన్నవాళ్ళంతా చచ్చిపోయినవాళ్ళేనా అని అది అడిగింది, అవునన్నాను. మరు నిమిషంలో మీ అమ్మను చూడమని చూపించాను! పదిహేను రోజులుగా నీ జాబు కోసం గడపలో కాచుకుని ఉంటోంది. జాబు వచ్చినాక ఏం రాసిందని అడగలేదు, ఎప్పుడు రాసిందని అడిగింది. తేదీ చెబితే "అంటే ఆపొద్దుకు అమ్మ ఉండాది. మరి ఈపొద్దుకు?" అన్నది. నేనేమో జాబు మీద ప్రేమ అనుకున్నాను. నిన్న కూర్చోబెట్టి అంతా విడమరచి చెప్పాను. విన్నది. నమ్మలేదు.

ఇంతవరకు రాసి, మధ్యాహ్నం పోస్టు చేద్దామనుకుంటుండగా బావ వచ్చాడు. మైదుకూరు నుంచి నడిచే వచ్చాడు, భుజాన కంబళి, చేతిలో కట్టె.

"పాపా, చౌడి గుడ్డలు మూటగట్టు."

"బావా, నేను చెప్పేది ఒక్క మాట వినండి."

"నువ్వు చెప్పిందే గదా ఇంటి మీదికొచ్చింది. ఇంగ చాలు."

దిల్షాద్‌బీ లోపలినుంచి "అన్నా, ముద్ద తినిపో" అన్నది. "తినను బీబీ. ఇంటికాడ మనిసి ఎట్లుందో ఏమో" అన్నాడు. నేను వార్షిక పరీక్ష ఏప్రిల్ ఇరవైఒకటిన మొదలవుతుందని, దానికి రాకపోతే చౌడి పేరు కొట్టేస్తారని చెప్పాను. "కొట్టేయనీ. గొర్లు పేరడగవు" అన్నాడు. చౌడి ఏడవలేదు. బావకంటే ముందు పరుగెత్తింది. పలకా పుస్తకాలూ ఇక్కడే ఉండిపోయాయి.

ఈ జాబు అందేసరికి వాళ్ళు మీ దగ్గర ఉంటారు. నువ్వెట్లా ఉన్నావో ఒక్క ముక్క రాయించు. తిట్టడానికైనా సరే.

రామేశ్వరి.


జమ్మలమడుగు ఆస్పత్రి,
4-3-1958.

రామేశ్వరికి జైబున్నీసా రాసేది.

భయపడొద్దు, అక్క బతికింది. ఆ మాట ముందు రాయమన్నది అక్కే.

నొప్పులు మొదలై ఒకటిన్నర దినమైనా బిడ్డ రాలేదు. పులివెందుల దాకా బండిలో, అక్కడినుంచి బస్సులో ఇక్కడికి తీసుకొచ్చాం. నేనూ తోడొచ్చాను. పోయిన బుధవారం ఆడబిడ్డ పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. తర్వాత ఏడ్చిన ఏడుపుకు వార్డంతా లేచింది. అక్కకు రక్తం చాలా పోయింది. ఇప్పుడిప్పుడే కూర్చుంటోంది. ఇక అక్క చెబుతుంది, రాస్తాను.

చెల్లీ, నాకంటే చౌడి గురించే దిగులుగా ఉంది. మంచం కోడు పట్టుకుని కూర్చుంది, పక్కకు పోదు. నేను కళ్ళు మూసుకుంటే ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తుంది. "నేను ఈడనే ఉండా గదే, కనపళ్ళేదా?" అంటే ఏమంటుందో తెలుసా? "ఏనుగ గూడా రెండు తావుల్లో ఉన్నింది గదమ్మా. నువ్వు ఆడ గోడకీ ఉండావు. ఈడ నుంచి ఎప్పుడు పోతావో ఏమో" అంటుంది. దీనికేం జవాబు చెప్పాలి? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

నీ మీద కోపం పోయిందని రాయించను. ఇంకా ఉంది. చంటిదాన్ని చూసినప్పుడు తగ్గుతుంది, పెద్దదాన్ని చూసినప్పుడు పెరుగుతుంది.

మీ అక్క.

(మీ బావ యల్లయ్య పుస్తకాల మాటెత్తితేనే లేచి బయటికి పోతున్నాడు. ఇక చౌడి చదువు ఊసు నేనెత్తను.)


ప్రొద్దుటూరు,
12-3-1958.

అక్కా,

నువ్వు బతికావన్న మాట దిల్షాద్‌బీకి చదివి వినిపించాను. మిగిలిన జాబు ఆమె ముందు చదవలేకపోయాను.

నన్ను చదువుకున్నదానివన్నావు. చౌడికి ఏం చెప్పాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఎన్నో మాటలు రాసి కొట్టేశాను. దాన్ని అక్కడికి తీసుకుపోయి భయపెట్టింది నేను, కనుక ఆ భయం తీయాల్సిందీ నేనే. నా పరీక్షలు ఏప్రిల్ మొదటి వారానికి అయిపోతాయి. అప్పుడు లింగాలకు వస్తాను. బావ గడప తొక్కనిస్తాడా? తొక్కనివ్వకపోతే బయటే కూర్చుంటాను. చౌడి పేరు ఇంకా కొట్టేయకుండా హెడ్‌మిస్ట్రెస్‌ను బతిమాలాను. ఇరవైఒకటో తేదీ ఉదయం హాజరు పిలిచేదాకా ఉంచుతానన్నారు.

అంతవరకు దాన్ని గదమాయించొద్దు. ముక్కు దగ్గర చెయ్యి పెడితే పెట్టనివ్వు.

మాటలు దొరకని,
రామేశ్వరి.


లింగాల,
14-4-1958.

చెల్లెలు రామేశ్వరికి అక్క ఆశీర్వదించి రాయించేది.

నువ్వు రావద్దు. వచ్చే శనివారం బస్సుకు మనవాళ్ళే వస్తున్నారు. చౌడి, దాని వెంట బావ. పరీక్ష రాయించుకొస్తానని ఆయనే అన్నాడు. పలకా పుస్తకాలూ తీసి దుమ్ము దులిపి పెట్టు. ఏం జరిగిందో చెబుతాను, ఓపికగా చదువు.

మీ బావ చౌడి చదువు మాన్పించింది మందకు తోడుగా ఉంటుందని గదా. అది మంద దగ్గరికీ పోలేదు. నా కొంగు వదిలితే గదా! నేను చెట్టు కింద కాసేపు నడుము వాల్చినా వచ్చి చెయ్యి పెట్టి చూసేది. బిడ్డ బక్కచిక్కి కట్టెపుల్ల అయింది. అత్త మంత్రం వేయించింది, తాయెత్తు కట్టించింది. ఏదీ పనిచేయలేదు. ఒక మధ్యాహ్నం మీ బావ దాన్నే చూస్తూ చూస్తూ "ఆ బొమ్మ కాడికే పోదాం పా. దాంతోనే తేల్చుకుందాం" అన్నాడు. అత్త అడ్డం పడింది. "ఆ గోడ నన్ను కూడా పిలుస్తుందేమో" అని నాకూ లోపల వణుకే. కానీ చౌడి మా మాటలు వింటూ నా ముఖమే చూస్తోంది. దాని ముందు భయపడేదానికి లేదు.

చంటిదాన్ని ఎత్తుకుని బయలుదేరాం. మద్రాసులో దిగి, అడుగుతూ అడుగుతూ ఆ భవనానికి చేరాం. వాకిట్లో మీ బావ చేతిలో కట్టె తీసి పక్కన పెట్టమన్నారు. "కట్టె లేకుండా నడిచేది నాకు అలవాటు లేదయ్యా" అన్నాడు. "లోపల గొర్లు ఉండవు లేప్పా" అన్నాడు వాచ్‌మన్, మన వైపువాడేనట. చౌడి ముందు నడిచింది. దారంతా దానికి తెలుసు. ఆ గది గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

నేను పోయి చౌడి చూపించిన పటం పక్కన నిలబడ్డాను. చూడలేదు ముందు. మీ బావను చూస్తూ నిలబడ్డాను. ఆయన కళ్ళు ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూశాయి. చౌడి కూడా అట్లాగే చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. "అమ్మా, ముక్కు నీదే" అన్నది. మీ బావ ఒక అడుగు వేసి ఆగాడు.

అప్పుడు చంటిది లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఆ గదిలో ఏడుపు రెండింతలుగా మోగింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. నేను గబగబా అక్కడే గోడకు చేరగిలబడి కూర్చుని పాలు పట్టాను. చంటిది ఊరుకుంది. తలెత్తి చూస్తే చౌడి ఇంకా పటం వైపే చూస్తోంది, కానీ ముఖం మారింది. భయంగా లేదు. ఎవరిమీదో కోపం వచ్చినట్టు ఉంది.

"అమ్మా, పాప అంత ఏడుస్తాంటే ఆయమ్మ తలకాయ గూడా తిప్పలేదు సూడు."

"బొమ్మ గదే, ఎట్ల తిప్పుతాది?"

"అందుకే చెప్తాండా. ఆయమ్మ నువ్వు కాదు. నువ్వైతే గొర్లనిడిసిపెట్టి వచ్చుంటావు."

మీ బావ అటు తిరిగి గోడ వైపు నిలబడ్డాడు, కంబళి చెంగుతో ముఖం తుడుచుకుంటూ. చౌడి వచ్చి నా పక్కన చతికిలబడింది. మూటలో ఏముందని అడిగింది. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి ఉన్నాయన్నాను. ఇక్కడ తినకూడదని వాచ్‌మన్ చెబుతూనే ఉన్నాడు. ఆకలేస్తోందని, ఆ పటం కిందే, రొట్టెలు రెండూ తినేసింది.

మీ అక్క వెంకటసుబ్బమ్మ.